పాత సైనిక ట్రక్కుల పునరుద్ధరణ, ప్రదర్శన: సుల్తాన్‌పూర్ – పటాన్‌చెరు పరిసరాల నేపథ్యం

సైన్యంలో సర్వీసు పూర్తయి వేలంలో అమ్ముడైన లారీలను, జీపులను సేకరించి, వాటి ఇంజన్ మళ్లీ తిరిగేలా, చక్రం మళ్లీ నడిచేలా చేసి, జనం చూసేందుకు నిలబెట్టే అభిరుచి ఇది. పాత కార్ల అభిరుచికి దగ్గరిదే గాని దీని స్వభావం వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్‌ను చూసినవాళ్లకు ఆ తేడా తేలిగ్గానే తెలుస్తుంది. ఆ కారు విలువ దాని నగిషీలో, దానిలో కూర్చున్నవారి హోదాలో ఉంది. సైనిక లారీ విలువ అది మోసిన బరువులో, ఎక్కిన ఘాట్‌లో, దాన్ని నడిపిన డ్రైవర్, బాగుచేసిన మెకానిక్ చేతి పనిలో ఉంది. మన దేశంలో రాజుల కార్లకు ఆదరణ దొరికింది. జీపులకు అంతకంటే ఎక్కువ మంది అభిమానులు ఉన్నారు. లారీని పట్టించుకున్నవాళ్లు మాత్రం తక్కువ. యుద్ధంలో తిండి, తూటా, మందు, మనిషి, అన్నీ లారీ మీదే కదిలాయన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ నిర్లక్ష్యం బాధ కలిగిస్తుంది.

సోలాపూర్ రోడ్డు, దాని చుట్టూ ఉన్న కర్మాగారాలు

సంగారెడ్డి జిల్లాలో సుల్తాన్‌పూర్ పేరుతో రెండు ఊళ్లు ప్రసిద్ధం. ఒకటి అమీన్‌పూర్ మండలంలో, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. 2017లో వైద్య పరికరాల పార్కుకు పునాది పడింది ఇక్కడే. రెండోది పుల్కల్ వైపు ఉంది. అక్కడ జేఎన్‌టీయూ హైదరాబాదుకు చెందిన ఇంజినీరింగ్ కళాశాల నడుస్తోంది. ఈ వ్యాసంలో సుల్తాన్‌పూర్ అంటే మొదటి ఊరు, దాన్ని ఆనుకున్న బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు, వాటికి పడమరగా జాతీయ రహదారి వెంట జహీరాబాద్ దాకా సాగే ప్రాంతం.

సైనిక వాహనాలతో ఈ రహదారి పరిచయం పాతది. ఇప్పుడు 65వ నంబరుగా, ఇంతకుముందు 9వ నంబరుగా ఉన్న ఈ రోడ్డు మీదుగానే 1948 సెప్టెంబరులో భారత సైన్యపు ప్రధాన దళం హైదరాబాదుకు వచ్చింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో సెప్టెంబరు 13న సోలాపూర్ వైపు నుంచి బయల్దేరిన దళం నల్‌దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ దాటింది. 17వ తేదీన నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. ఆ అయిదు రోజుల కథ చెప్పేటప్పుడు అందరూ టాంకుల గురించే చెబుతారు. పదాతి దళం వచ్చింది ట్రక్కుల్లో. టాంకుల ఇంధనం, వంటసరుకు, వంతెనల సామగ్రి వచ్చింది కూడా ట్రక్కుల్లోనే. సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు ఊళ్లన్నీ ఆ దారిలో ఉన్నవే.

తర్వాతి దశాబ్దాల్లో ఇదే రోడ్డు వెంట యంత్రాలు తయారుచేసే ఊళ్లు వెలిశాయి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. 1980లలో జహీరాబాద్‌లో ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో తేలికపాటి లారీలు తయారుచేసింది. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్ల కర్మాగారం ఉంది. అన్నిటికంటే ముఖ్యమైంది ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ సభ్యురాలిగా ఉన్న రోజుల్లో, 1984లో ఇది మొదలైంది. సోవియట్ బీఎంపీ-2 నమూనా మీద 'శరత్' పదాతి పోరాట వాహనాలు ఇక్కడ 1987 నుంచి తయారవుతున్నాయి. 2021 అక్టోబరు నుంచి ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్‌లో భాగం. ఇటు సికింద్రాబాదు తిరుమలగిరిలో సైన్యపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. సైన్యంలో ఈఎంఈ అని పిలిచే ఈ విభాగం 1943లో ఏర్పడింది. బండి ఎక్కడ ఆగిపోయినా వెళ్లి బాగుచేయడం దీని పని. ఇక్కడ శిక్షణ పొంది, పదవీ విరమణ తర్వాత సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ పరిసరాల్లో స్థిరపడ్డ మాజీ సైనికులు చాలామంది ఉన్నారు.

ఒక లారీని మళ్లీ నడిపించడానికి కావలసిన లేత్ యంత్రం, పోత పని, టైరు, ఆ లారీని ఎరిగిన మనిషి, నాలుగూ గంట ప్రయాణంలో దొరికే చోట్లు దేశంలో కొన్నే ఉంటాయి. ఈ ప్రాంతం వాటిలో ఒకటి.

ఏ వాహనాలు

మన దగ్గర ఈ అభిరుచి పరిధిలోకి వచ్చే వాహనాలను మూడు తరాలుగా చూడవచ్చు. మొదటిది రెండో ప్రపంచ యుద్ధ తరం. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6,40,000కు పైగా జీపులు చేశాయి. జీఎంసీ రెండున్నర టన్నుల ఆరు చక్రాల లారీలు 5,60,000 దాటాయి. కెనడాలో ఫోర్డ్, షెవర్లే కంపెనీలు ఒకే సైనిక నమూనా ప్రకారం 4,00,000కు పైగా ట్రక్కులు తయారుచేశాయి. బ్రిటిష్ ఇండియా సైన్యానికి వచ్చినవాటిలో ఇవి ఎక్కువ. ఈ కెనడా ఛాసిస్ మీదే జంషెడ్‌పూర్‌లో ఉక్కు కవచం బిగించి 4,600కు పైగా సాయుధ వాహనాలు చేశారు. యుద్ధం ముగిశాక మిగులు సామగ్రి వేలంలో 'డిస్పోజల్ లారీలు' దేశమంతా చెదిరిపోయాయి. వాటి ఛాసిస్‌ల మీద చెక్క బాడీలు కట్టి బస్సులుగా, సరుకు లారీలుగా తిప్పారు. పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచిన కాలం అప్పుడే గడిచింది. రోడ్డు రవాణా ఆకలి మీద ఉన్న దేశానికి ఈ లారీలు అందివచ్చాయి. అందుకే ఈ తరం లారీ పూర్తి రూపంలో దొరకడం అరుదు. ఇరుసు ఒక చోట, గేర్‌బాక్స్ మరో చోట, ముందు గ్రిల్ ఇంకెక్కడో తేలుతుంది.

రెండో తరమే మన అసలు సంపద. జర్మనీ కంపెనీ ఎంఏఎన్ లైసెన్సుతో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో 1950ల చివర మొదలైన 'శక్తిమాన్' ట్రక్కు దీనికి పెద్ద. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన బానెట్, నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి, డీజిల్ ఇంజన్ దీని లక్షణాలు. 1962 యుద్ధం తర్వాత సైనిక వాహనాల అవసరం ఒక్కసారిగా పెరిగింది. 1969లో జబల్‌పూర్‌లోనే ప్రత్యేకంగా వెహికల్ ఫ్యాక్టరీ పెట్టి ఉత్పత్తిని అక్కడికి మార్చారు. 1965, 1971 యుద్ధాల్లో పనిచేసిన ఈ ట్రక్కు ఉత్పత్తి 1996 దాకా సాగింది. నిస్సాన్ పాట్రోల్ నమూనా మీద తయారైన జోంగా, నిస్సాన్ ఒక టన్ను ట్రక్కు కూడా జబల్‌పూర్ బిడ్డలే. జోంగాలో ఉన్నది 3,956 సీసీల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. 1999లో జోంగా ఆగిపోయింది.

మూడో తరం అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా 713, చెక్ నమూనా టాట్రా. వీటిలో చాలా ఇంకా సర్వీసులోనే ఉన్నాయి. ఈ అభిరుచికి వీటి వంతు తర్వాత వస్తుంది.

ఇష్టపడి కొనేవాడు సాధారణంగా జీపుతోనో జోంగాతోనో మొదలెడతాడు. ఇంటి ముందు పడుతుంది, సామాను దొరుకుతుంది, ఆదివారం నడుపుకోవచ్చు. శక్తిమాన్‌కు షెడ్డు కావాలి, ఎత్తు గొలుసు కావాలి, చక్రం విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. అయినా నా లెక్కలో మన దేశ చరిత్రకు శక్తిమాన్ ఎక్కువ దగ్గర. స్వతంత్ర భారతం సొంతంగా లారీలు చేసుకుని సొంత సైన్యాన్ని మోయించుకున్న తొలి కథ అదే.

షెడ్డులో పని

కొనే ముందు చూడవలసింది ఇంజన్ కాదు, ఛాసిస్. ఇంజన్‌ను బోరింగ్ చేయించవచ్చు, క్రాంక్ గ్రైండింగ్ చేయించవచ్చు. ఛాసిస్ పగిలినా, ఎవరో కోసి పొడవు పెంచినా ఆ బండి తన రూపాన్ని పోగొట్టుకున్నట్టే. మన పీఠభూమి పొడి గాలి ఇక్కడ మేలు చేస్తుంది. విశాఖ, కాకినాడ తీరంలో ఏళ్ల తరబడి నిలిచిన బండికీ సంగారెడ్డి చెలకలో నిలిచిన బండికీ తుప్పులో చాలా తేడా ఉంటుంది. ఇక్కడి శత్రువులు వేరు. చెక్క బాడీ పలకలను చెదలు తింటాయి. ఎండకు రబ్బరు గొట్టాలు, సీళ్లు, కిటికీ బీడింగులు పెళుసెక్కి పొడి అవుతాయి. వైర్ల మీది తొడుగు రాలిపోతుంది.

విప్పడానికి ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయడం, బోల్టులను విడివిడి డబ్బాల్లో పేర్లతో పెట్టడం విసుగు పుట్టించే పని. పునరుద్ధరణలో సగం జయాపజయాలు అక్కడే తేలతాయి. సగం విప్పి, వాన పడే చోట వదిలేసిన బండ్లు చివరకు తుక్కు లారీ ఎక్కుతాయి. విప్పకుండా వదిలిన బండికి మాత్రం ఇంకో మనిషి దొరికే అవకాశం ఉంటుంది.

బ్రేకుల పని ఇంజన్ పని కంటే ముందు పూర్తికావాలి. అయిదారు టన్నుల బరువును కదిలించడం కంటే ఆపడం కష్టం. పాత చక్రాల సిలిండర్ల లోపలి గోడ తుప్పుతో గుంటలు పడి ఉంటుంది. కొత్తవి దొరకనప్పుడు లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ దిగ్గొట్టి, అసలు కొలతకు బోరు చేయిస్తారు. కొలత వెంట్రుక మందం తప్పినా బ్రేకు పట్టదు, లేదా వదలదు. పటాన్‌చెరు, బొల్లారం, బాలానగర్ వాడల్లోని లేత్ షాపుల విలువ ఇక్కడ తెలుస్తుంది. మందుల కంపెనీల యంత్రాలకు, పంపులకు విడిభాగాలు చేసే చేతులకు ఈ కొలతలు కొత్త కాదు. మార్కెట్లో ఎక్కడా లేని గేరు, బుష్, వాటర్ పంప్ తొడుగు కోసం నమూనా ఇచ్చి ఒక్కటే చేయించుకోవడం ఇలాంటి చోటే సాధ్యం. ఒక్క పీసు పని ఒప్పుకునే షాపు దొరకాలంటే మాత్రం ఓపిక ఉండాలి; వందల పీసుల ఆర్డరు పక్కన పెట్టి ఎవరూ ముందు మన పని చేయరు.

కమాన్ కట్టల పని ఇంకో విద్య. ఏళ్ల బరువుకు వంపు పోయిన స్ప్రింగు పట్టీలను కాల్చి, కొట్టి, మళ్లీ వంపు తెచ్చే పనివాళ్లు ఈ రహదారి వెంట లారీ స్టాండ్ల దగ్గర ఉన్నారు. కొత్త పట్టీ కొనడం కంటే పాత పట్టీకి వంపు తెప్పించడమే నయం. దాని వెడల్పు, కన్ను కొలత అసలు బండివి. డీజిల్ పంపు, ఇంజెక్టర్లను పంపు షాపులో బెంచి మీద కేలిబ్రేట్ చేయించాలి. పంపు సరిగ్గా ఉంటే పాత ఇంజన్ పొద్దున్నే ఒక్క తిప్పుకు అందుకుంటుంది.

చక్రాల విషయంలో ఒక హెచ్చరిక. పాత సైనిక ట్రక్కుల రిమ్ములు రెండు మూడు ముక్కలుగా ఉండి, లాక్ రింగుతో బిగుసుకుంటాయి. ఆ రింగు తుప్పు పట్టి సరిగా కూర్చోకపోతే గాలి ఎక్కించేటప్పుడు ఎగిరి మనిషిని చంపగలదు. ఇనుప పంజరంలో పెట్టి, దూరంగా నిలబడి గాలి ఎక్కించడమే పద్ధతి. తొందరలో ఈ నియమం తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

పెట్రోలు బండ్లకు ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత జీపు, జోంగాల కార్బొరేటర్లలోని బెండు గ్యాస్కెట్లు, సహజ రబ్బరు గొట్టాలు దీనికి తట్టుకోవు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు కూడా మొదలవుతుంది. గొట్టాలను, సీళ్లను ఫ్లోరో రబ్బరుతో మార్చుకోవడం, బండిని నిలిపే ముందు కార్బొరేటర్ ఖాళీ చేయడం దీనికి విరుగుడు.

లారీ వెనక ఇరుసు మధ్యలోని గుండ్రటి భాగానికి తెల్ల రంగు, దాని మీదికి వెలుగు పడేలా బాడీ కింద ఒక చిన్న దీపం ఉంటాయి. చాలామంది దీన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. చీకట్లో శత్రు విమానాలకు కనబడకుండా హెడ్‌లైట్లు ఆర్పి కాన్వాయ్ సాగేటప్పుడు, వెనక డ్రైవరు ముందు లారీ ఇరుసు మీది ఆ తెల్లటి మచ్చను చూస్తూ దూరం పాటిస్తాడు. ఆ దీపం వెలిగేలా చేయని పునరుద్ధరణను పూర్తయిందని చెప్పలేను.

రంగు, గుర్తులు, చట్టం

మన దేశంలో ఈ అభిరుచికి ఎదురయ్యే విచిత్రమైన అడ్డంకి రంగు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది రక్షణ శాఖవి కాని వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు వేయడాన్ని నిషేధిస్తుంది. బండి అసలు రంగు అదే అయినా ప్రైవేటు యజమాని దానితో రోడ్డెక్కకూడదు. భద్రత దృష్ట్యా ఈ నియమం సబబైనదే. సైనిక బండిలా కనిపించే బండితో మోసాలు జరిగే ప్రమాదం నిజం. ఇసుక రంగో, వేరే రంగో వేసుకోవడం చట్టబద్ధమైన దారి. బానెట్ లోపలి వైపు, డాష్‌బోర్డు వెనక, సీటు కింద పాత రంగును తాకకుండా ఉంచడం మంచి పద్ధతి. రంగు గీకేటప్పుడు సన్న కాగితంతో పొరపొరగా రుద్దితే అడుగున పాత యూనిట్ గుర్తు, టన్నేజీ అంకె, ఒక్కోసారి ఇంకో రంగు బయటపడతాయి. వాటిని కొలిచి, ఫొటో తీసి పెట్టాలి. ఒక్కసారి ఇసుక పిచికారీ కొట్టిస్తే ఆ చరిత్రంతా పోతుంది.

సైనిక నంబరు పలక చదవడం కూడా తెలుసుకోవాలి. పైకి చూసే బాణం గుర్తు, తర్వాత బండి సైన్యంలో చేరిన సంవత్సరపు చివరి రెండంకెలు, ఒక అక్షరం, వరుస సంఖ్య, చివర తరగతిని తెలిపే అక్షరం ఉంటాయి. పలక పోయినా ఛాసిస్ సంఖ్య, ఇంజన్ మీది రేకు మిగిలితే బండి పుట్టుక తెలుస్తుంది. వేలంలో కొన్నప్పుడు సైనిక డిపో ఇచ్చే విడుదల పత్రం లేకుండా పౌర రిజిస్ట్రేషన్ కష్టం. తుక్కు వ్యాపారి చేతులు మారుతూ ఆ కాగితం పోయిన బండిని ఎంత చౌకగా ఇచ్చినా కొనకపోవడం మేలు.

2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనానికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, ప్రదర్శనకూ ర్యాలీకీ తప్ప రోజువారీ తిరుగుడుకు అనుమతి లేకపోవడం దాని సారం. మంచి ప్రయత్నమే. అయితే దాని పరిధి ద్విచక్ర వాహనాలు, ప్రయాణికుల కార్ల తరగతి వరకే. సరుకు మోసే లారీ ఆ నిర్వచనంలోకి రాదు. విల్లీస్ జీపుకు గౌరవం దక్కింది గాని శక్తిమాన్‌కు దక్కలేదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కుకు పంపాలన్న నియమం 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. రక్షణ అవసరాలకు వాడే సాయుధ, ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉన్నా, మామూలు పాత లారీ వేలానికి బదులు నేరుగా ముక్కలయ్యే కాలం ఇది. లారీలను కూడా పాతకాలపు వాహనాల నిర్వచనంలో చేర్చడం అత్యవసరమని నా అభిప్రాయం.

బయటి దేశాల్లో, మన దగ్గర

అమెరికాలో ఈ అభిరుచిపరుల సంఘం, మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్, 1976లో మొదలైంది. 1919లో అమెరికా సైన్యం వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 62 రోజులు ట్రక్కుల కాన్వాయ్ నడిపింది. యువ అధికారిగా అందులో వెళ్లిన ఐసెన్‌హోవర్ తర్వాత అధ్యక్షుడై దేశమంతా హైవేలు వేయించాడు. 2009లో, 2019లో ఈ సంఘం సభ్యులు తమ పాత బండ్లతో ఆ కాన్వాయ్‌ను మళ్లీ నడిపారు. ఫ్రాన్స్‌లో ఏటా జూన్‌లో నార్మండీ తీరానికి పాత జీపులు, జీఎంసీలు బారులు తీరతాయి. 1944 ఆగస్టు నుంచి నవంబరు దాకా అదే ఫ్రాన్స్‌లో 'రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్' పేరుతో సుమారు 6,000 ట్రక్కులు రేయింబవళ్లు సరుకు మోశాయి. డ్రైవర్లలో ఎక్కువమంది నల్లజాతి అమెరికన్లు. వాళ్ల శ్రమ కథ జనానికి చేరడంలో ఈ పాత లారీల ప్రదర్శనల పాత్ర తక్కువది కాదు.

తెలుగు నేల మీద సైనిక యంత్రాన్ని జనానికి చూపడంలో విశాఖపట్నం ముందుంది. 2002లో కుర్సురా జలాంతర్గామి, 2017లో టీయూ-142 విమానం అక్కడి బీచ్ రోడ్డులో మ్యూజియాలయ్యాయి. బరువు బండ్ల పునరుద్ధరణకు హైదరాబాదులో మంచి ఉదాహరణ 'డెక్కన్ క్వీన్' ఆల్బియన్ బస్సు. నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైనప్పటి కాలపు బస్సు ఇది. ఆర్టీసీ దాన్ని జాగ్రత్తగా నిలుపుకుంది. సంస్థ తన పాత బండిని తానే, తన వర్క్‌షాపులోనే బాగుచేసుకోవడం ఇక్కడ మెచ్చుకోవలసిన సంగతి. టాంకులు, సాయుధ వాహనాలకైతే 1994లో అహ్మద్‌నగర్‌లో వెలిసిన కేవల్రీ టాంక్ మ్యూజియం ఉంది; సంగారెడ్డి నుంచి పడమటి రోడ్డు పట్టుకుంటే ఒక రోజు ప్రయాణం.

ప్రదర్శన ఎలా ఉండాలి

బండిని పీఠం మీద నిలబెట్టి, చక్రాలకు సిమెంటు పోసి, ఏడాదికోసారి ఎనామిల్ రంగు పూయడం మనకు అలవాటైన పద్ధతి. ఎండావానకు లోపల తుప్పు పట్టి, పదేళ్లకు ఆ బండి పై పెంకుగా మిగులుతుంది. కప్పు కింద, గాలి ఆడే చోట, ఇరుసుల కింద దిమ్మలు పెట్టి టైర్ల మీది బరువు తీసి ఉంచాలి. నెలకోసారి ఇంజన్ వేడెక్కే దాకా తిప్పాలి. ఏడాదికి రెండు మూడు సార్లయినా రోడ్డు మీద నడపాలి. నడిచే బండికే సీళ్లు తడిగా, గేర్లు నూనెతో, డ్రైవరు చేయి అలవాటుతో ఉంటాయి.

చూపించేటప్పుడు బానెట్ తెరిచి ఉంచాలి. ఈ ప్రాంతంలో చూడవచ్చేవాళ్లలో ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు, ఫ్యాక్టరీ ఫిట్టర్లు, టర్నర్లు ఎక్కువ. రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును ఒకటి కోసి లోపలి పళ్లు కనబడేలా పెడితే, వాళ్లు దాని దగ్గరే నిలబడిపోతారు. కంప్యూటర్ లేని ఇంజన్‌లో ప్రతి పనికీ ఒక ఇనుప భాగం ఉంటుంది. కన్ను వెంటపడి దాన్ని పట్టుకోగలదు.

బండి పక్కన దాని చిట్టా కూడా ఉండాలి: సైన్యంలో చేరిన ఏడు, వేలమైన డిపో, తర్వాత చేతులు మారిన వరుస, విప్పినప్పుడు కనబడిన లోపాలు, మార్చిన భాగాలు, కొత్తగా చేయించిన భాగాల కొలతలు, ఆ పని చేసిన షాపు. పదవీ విరమణ చేసిన ఈఎంఈ మెకానిక్కుల మాటలు దీనికి జత చేయడం ఇప్పుడే చేయాల్సిన పని. శక్తిమాన్ పంపు ఎత్తైన చోట ఎలా సర్దేవారో, మంచులో ఇంజన్ ఎలా స్టార్ట్ చేసేవారో మాన్యువల్‌లో ఒక తీరుగా, వాళ్ల అనుభవంలో ఇంకో తీరుగా ఉంటుంది. 1971 నాటికి ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు డెబ్భై దాటింది. వాళ్లను షెడ్డుకు పిలిచి, బండి ముందు కూర్చోబెట్టి, చేతికి పానా ఇచ్చి మాట్లాడిస్తే, ఇంట్లో కుర్చీలో అడిగితే గుర్తురాని సంగతులు వరుసగా బయటికి వస్తాయి.